వెనక నుంచి తీసిన ఫొటోలు

వస్తారులే. ఫొటో తీసుకుని వస్తానన్నారు, వస్తారు. ఈయన ఫొటో అంటే తొందరగా తెమిలే పనా, వెలుగు పడాలి, మబ్బు పక్కకి తప్పుకోవాలి, నేను మలుపు దగ్గర సరిగ్గా ఆయన అనుకున్న చోటికి చేరాలి, నువ్వు ఆగకు, తొక్కుతూనే ఉండు, వెనక్కి చూడకు, చూస్తే పాడైపోతుంది అంటారు. నేను చూడలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి చూస్తే హ్యాండిల్ ఎటో పోతుంది, బరువు సంచులతో సైకిల్ పక్కకి ఒరుగుతుంది, అయినా చూడాల్సిన పని ఏముంది, వెనక ఉన్నది మా ఆయనే కదా. ఇప్పుడీ కనుమ మీద, షట్టరు మూసేసిన దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నాను. చెమట ఆరిపోయి చలి మొదలైంది. ఎదురుగా ఇనుప బోర్డు, దాని మీద ఈ కొండ ఎత్తు ఎంతో రాసి ఉంది, ఆ అంకెలు కనపడనంతగా ఇదివరకు సైకిళ్ల మీద వచ్చినవాళ్లు స్టిక్కర్లు అంటించేశారు. మాకూ ఒకటుంది, ‘ముందూ వెనకా’ అని, మేం ఫొటోలు పెట్టే పేజీ పేరే, అమ్మాయి అచ్చు వేయించి ఇచ్చింది. ఆ స్టిక్కర్ల చుట్ట ఆయన సంచిలో ఉంది. ఇద్దరం పైకి చేరితేనే అంటించాలని మా నియమం. కింది నుంచి వచ్చే దారిలో చివరి మలుపు ఇక్కడికి బాగా కనిపిస్తోంది. అక్కడ ఎవరూ లేరు.

ముందు నేను, వెనక ఆయన, మొదటి రోజు నుంచీ ఇంతే. ముందున్న మనిషి గుంతలు చూడాలి, వెనకున్న మనిషి బండ్లు చూడాలి. నేను ‘గుంత’ అని అరుస్తాను, ‘కంకర’ అని అరుస్తాను, ఆయన వెనక నుంచి ‘కారు’ అంటారు, ‘బస్సు’ అంటారు, ‘లారీ’ అంటారు. లారీ అన్నప్పుడు మాత్రం గొంతు కాస్త హెచ్చుతుంది. విన్నానని చెప్పడానికి నేను ఎడమ చెయ్యి ఎత్తుతాను, రోడ్డు అంచుకు జరుగుతాను. ఇన్ని దేశాల దారుల్లో మేము మాట్లాడుకున్న మాటలన్నీ కలిపి చూస్తే సగం ఇవే ఉంటాయి. మాటలు లేనప్పుడు ఆయన సైకిల్ వెనక చక్రం ఫ్రీవీల్ చప్పుడుంటుంది, తొక్కడం ఆపితే చాలు టిక్ టిక్ టిక్ అని, ఆ చప్పుడు వీపు మీద పడుతుంటే నాకు అద్దం అక్కర్లేదు. ఈమధ్య ఎత్తుల్లో అది వినబడటం లేదు. గాలి అనుకున్నాను. ఎత్తు మీద తొక్కడం ఎవరు ఆపుతారు, ఆపితే పడిపోమూ, చప్పుడు ఎలా వస్తుంది అనుకున్నాను. ఏదో ఒకటి అనుకోవడానికి నాకు లోటేముంది.

చలేస్తోంది. నా సంచిలోంచి వానకోటు తీసి తొడుక్కున్నాను, నేను కుట్టుకున్నదే, చంకల కింద గాలి ఆడటానికి చీలికలు పెట్టాను, ఆ చీలికల్లోంచే ఇప్పుడు చలి దూరుతోంది. కుట్టుపని నాది, పక్కన ఫొటో స్టూడియో ఆయనది, మధ్యలో ఒక గోడ. పెళ్లికి ముందే ఆయన నాతో కుట్టించుకున్న మొదటి వస్తువు ఒక నల్లకోటు. మామూలు కోటు కాదు, ముందు భాగం మాత్రమే. కాలరు, గుండీలు, జేబు, లోపలి చొక్కా అంచు, అన్నీ ఉంటాయి, వెనక మాత్రం రెండు నాడాలు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లు ఎవరికైనా, లావైనా సన్నమైనా, ముందు నుంచి తొడిగి వెనక ముడి వేస్తే సరిపోవాలి. ఇదేం కోటండీ, వీపు లేని కోటు అంటే, ఫొటోకి వీపుతో పనేముంది అన్నారు. ముప్పై ఏళ్లు ఆయన మొహాలే తీశారు. గడ్డం కొంచెం పైకి, కళ్లు ఇటు, నవ్వకూడదు. ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు, పరీక్షలకి వెళ్లేవాళ్లు, ఇక తిరిగి రామని వెళ్లేవాళ్లు. తర్వాత ఎవరి మొహం వాళ్లే ఫోన్లో తీసుకోవడం మొదలైంది, స్టూడియో మూతపడింది, నల్లకోటు మేకుకే ఉండిపోయింది. సైకిళ్లు కొన్నాక నేను అడిగాను, అన్నేళ్లు జనాల మొహాలు తీశారు కదా, నాది ఒక్కటి తీయరేం అని. మొహాలు చాలు, ఇక వీపులు తీస్తాను అన్నారు. నాకా మాట ఎంత ముద్దొచ్చిందో, అమ్మాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఈ వయసులో కాలికి బలపం కట్టుకుని తిరగడమేమిటని మా వదిన ముక్కున వేలేసుకుంది. దూరపు కొండలు నునుపమ్మా, దగ్గరకెళ్తే తెలుస్తుంది అంది. దగ్గరకెళ్లాం వదినా, నునుపూ లేదు, గరుకూ లేదు, తొక్కడమే. పొద్దున లేవడం, గుడారం మడవడం, తొక్కడం, ఎక్కడో ఒక చోట నీళ్లు పట్టుకోవడం, మళ్లీ తొక్కడం. సాయంత్రం ఆయన ఫొటోలు ఎంచుతారు, నేను కింద నాలుగు మాటలు రాస్తాను, సిగ్నల్ దొరికితే పేజీలో పెడతాం. మొదట్లో చూసేది అమ్మాయి, అల్లుడు, వదిన, మా వీధి చివరి మందుల షాపాయన. ఇప్పుడు ఎవరెవరో చూస్తున్నారు. పేర్లు కూడా పలకడం రాదు నాకు. ఇక్కడ సిగ్నల్ ఉంది, నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి. ఆయనకి చేశాను. అందుబాటులో లేరంది. కింద లోయలో సిగ్నల్ లేదు మరి, ఎక్కేటప్పుడు నేనూ చూశాను, లేదు. అంతే. ఇంకో మూడు మలుపులెక్కితే ఆయనకీ వస్తుంది.

ఊరికే కూర్చోలేక పేజీ తెరిచాను. నిన్నటి ఫొటో పైన ఉంది. కొండ, కొండ మీద ఇంకో కొండ, గోరుతో గీసినట్టు దారి. దాని కింద అమ్మాయి రాసింది: ‘ఇందులో అమ్మ ఎక్కడ నాన్నా, భూతద్దం పెట్టినా దొరకట్లేదు.’ ఎవరో జవాబిచ్చారు, ఎడమ పక్క నుంచి రెండో మలుపు, ఎర్ర చుక్క చూడండి అని. ఇప్పుడది వాళ్లకి ఆటైపోయింది, రోజూ ఫొటో పెట్టగానే అక్కని కనుక్కోండి అంటారు, ముందు కనుక్కున్నవాళ్లకి చప్పట్లు. ప్రకృతి ముందు మనిషి ఎంత అని ఒకాయన రాశాడు. ఎవరో చదువుకున్నవాడే అయ్యుంటాడు, ఫ్రేములో ఖాళీని వాడుకోవడం వీరి దగ్గర నేర్చుకోవాలి అన్నాడు. అది చదివి మా ఆయన నవ్వారు. నవ్వి దగ్గారు.

వెనక్కి జరుపుతూ పోయాను. నిన్నటిది, మొన్నటిది, నది దాటిన రోజుది, సొరంగానివి, ఇంకా వెనక్కి, బయలుదేరిన కొత్తలోవి. అన్నిట్లోనూ నేనే, నా వీపే. మొదటి ఫొటోల్లో నా వీపు ఫొటోనంతా నింపేసింది. సంచి మూల కుట్టు ఊడి వేలాడుతున్న దారం కనిపిస్తోంది, మేజోడుకి చిల్లు కనిపిస్తోంది, మెడ మీద అట్టకట్టిన వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. అంత దగ్గరగా ఉండేవారు. అక్కడి నుంచి మళ్లీ ముందుకి జరిపాను. దారం పోయింది. చిల్లు పోయింది. అరచేయంత ఉన్నదాన్ని బొటనవేలంత అయ్యాను. సొరంగం దాటాక గోరంత. నిన్న ఆవగింజ. గబగబా జరుపుతుంటే ఆ పేజీలో ఎవరో నన్ను వదిలేసి వెళ్లిపోతున్నట్టుంది. కాదు. వెళ్లిపోతున్నది నేను.

ఆగు, ఆగు, తొందరపడకు, నోటికి ముందు బుర్రకి పని చెప్పమని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది. మళ్లీ చూశాను, ఈసారి దారులు చూశాను. చదును నేల మీద తీసినవాటిలో నేను ఎప్పటిలాగే పెద్దగా ఉన్నాను. మొన్న కాలవ గట్టు మీద తీసినదాంట్లో నా చెవిపోగు కూడా కనిపిస్తోంది. ఎత్తు వచ్చిన చోటల్లా చిన్నదాన్నైపోయాను. ఎంత ఎత్తైతే అంత చిన్న. పైగా ఎన్ని ఫొటోలో! చదునులో పూటకి ఒకటి తీసే మనిషి, ఎత్తుల్లో ప్రతి మలుపుకీ ఒకటి తీశారు. ఏముందని తీశారు? ఇదిగో, కల్వర్టు. ఇదిగో, తారు పీపాలు. కంకర కుప్పని ఎవరైనా ఫొటో తీస్తారా, అందులో ఆవగింజంత నేను. నువ్వు పద, ఇది తీసుకుని వస్తా. నువ్వు పద, వెలుగు బాగుంది. వెలుగు బాగున్నది ఎక్కడ, ఆ రోజంతా ముసురు. ఇన్ని వేలమంది కళ్ల ముందు పెట్టారు, ఒక్కరికీ తెలియలేదు, ఖాళీని వాడుకోవడం నేర్చుకుంటున్నారట, నా మొహం. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను. కింద నాలుగు మాటలు రాసింది నేనే కదా.

మరి నేనేమనుకున్నాను? నా కాళ్లలో బలం పెరిగిందనుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, సంబరపడ్డాను. జీవితమంతా కుట్టుమిషను పెడలు తొక్కిన కాళ్లు, ఊరికే పోతుందా అని ఆయనతోనే అన్నాను. ఆయన తలూపారు. ఇప్పుడు ఒక్కొక్కటీ వస్తున్నాయి, పిలవకుండానే వస్తున్నాయి. గుడారంలో పడుకోవడం మానేసి సంచులకి వీపు ఆనించి కూర్చుని నిద్రపోతున్నారు, నడుం పట్టేసిందోయ్ అన్నారు, నేను ఇంకో సంచి ఎత్తుగా పెట్టి ఇచ్చాను. మేజోళ్లు విప్పితే చీలమండ చుట్టూ గాడి పడుతోంది, నొక్కితే వేలు గుర్తు అలాగే ఉండిపోతోంది, ఎలాస్టిక్ బిగువైందని నేను, కుట్టుపని దాన్ని కదా, కత్తెర తీసి ఎలాస్టిక్ కత్తిరించి ఇచ్చాను. నాన్న మొహం ఒక్కటైనా పెట్టమ్మా, చూసి ఎన్నాళ్లయింది అని అమ్మాయి పోరుతుంటే, ఆయన ససేమిరా అన్నారు, గడ్డం పెరిగింది, బాగుండను అన్నారు. ఊళ్లోవాళ్లందరి మొహాల్లో ఉబ్బూ నలుపూ తెల్లదనమూ చూసి, దీపం ఇటు జరిపి అటు జరిపి ముప్పై ఏళ్లు బతికిన మనిషికి తన మొహంలో ఏం కనిపిస్తోందో తెలియదా. తెలుసు. మొహాలు చాలు, వీపులు తీస్తాను. ఆ మాట ముద్దొచ్చిందని ఫోన్ చేసి మరీ చెప్పాను నేను.

దిగి వెళ్లాలి. లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఒకసారి ఇలాగే భయపడి వెనక్కి వెళ్లాను, సొరంగం తర్వాత ఎత్తులోనే, వెళ్తే ఆయన రోడ్డు పక్క మోకాళ్ల మీద కూర్చుని నత్తని ఫొటో తీస్తున్నారు. నన్ను చూసి ఎప్పుడూ లేనిది కసిరారు. నా మీద కాపలానా, నన్ను ముసలాణ్ణి చేసేస్తున్నావు, ఇంకోసారి దిగి వచ్చావంటే ఇక్కడితో ఆపేసి ఇంటికి పోతాను అన్నారు. నేను రానని ఒట్టు పెట్టించుకున్నారు. అదీగాక సైకిలువాళ్లెవరూ ఎక్కిన ఎత్తు ఊరికే పోగొట్టుకోరు, మరిచిపోయిన వస్తువు కోసమైనా వెనక్కి దిగరు. మోకాళ్ల మీద కూర్చున్నారు. నత్త ముందు, రెండు చేతులూ నేలకి ఆనించి. ఫోను ఎక్కడుంది అప్పుడు? చేతుల్లో లేదు. జేబులో ఉంది. చేతులు రెండూ నేల మీదున్నాయి, నోరు తెరుచుకుని ఉంది, నేను వచ్చేసరికి నత్తని చూపించారు. నత్త ఆ పూట మా పాలిటి సాకైంది. అయ్యో, నా కళ్లు ఏం చేస్తున్నాయి ఇన్నాళ్లూ.

సైకిల్ తిప్పాను. ఒట్టు గట్టు మీద పెట్టాను. పల్లంలో పడ్డాక సైకిల్ దానంతటదే పోతోంది, రెండు బ్రేకులూ పట్టినా కీచుమంటూ లాగేస్తోంది, కళ్లలోంచి నీళ్లు గాలికి చెవుల వైపు పోతున్నాయి. ఇంత దారి ఎక్కానా, ఒక్కసారి కూడా తల తిప్పకుండా. మొదటి మలుపులో లేరు. సరే, ఎదురొస్తూ ఉంటారు, తాబేలులాగా, నన్ను చూసి కసురుతారు, కసరండి, ఇంటికి పోదామనండి, పోదాం. రెండో మలుపులో లేరు. ముందు అడ్డంగా రోడ్డు పగిలిన చోట గుంత వచ్చింది, గుంత అని గట్టిగా అరిచాను, వెనక ఎవరూ లేరు. గుడి లేదు, దీపం లేదు, ఎవరికి మొక్కుకోవాలో తెలియక మా వీధి మందుల షాపాయన్ని తలుచుకున్నాను, బయలుదేరే ముందు ఆయన అన్నాడు, ఒకసారి గుండె చూపించుకుని వెళ్లండి సార్ అని. మేకపోతు గాంభీర్యం మా ఆయనది, నాకు గుండె ఉందని మా ఆవిడకే నమ్మకం లేదండీ అని నవ్వించి వచ్చేశారు. నేనూ నవ్వాను.

ముందు సైకిల్ కనిపించింది. పిట్టగోడకి ఆనించి ఉంది, గొలుసున్న వైపు రోడ్డుకి కనిపించేలా, హ్యాండిల్ తిన్నగా. ఎప్పుడు ఆపినా అలాగే ఆపుతారు, సైకిలుకి మొహం అటువైపే ఉంటుందట. పడేసి లేదు, ఆనించి ఉంది, అంటే ఆనించే ఓపిక ఉంది. దాని పక్కనే నేల మీద ఆయన, గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని. మొహం తారు మీద పడ్డ దుమ్ము రంగులో ఉంది. పెదవులు అంతకంటే అన్యాయంగా ఉన్నాయి. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఎగిరెగిరి పడుతోంది కదా, చాలు, చాలు దేవుడా. నా సైకిల్ ఎక్కడ వదిలానో నాకు తెలియదు.

దారి పొడుగునా తిట్లు పోగేసుకుంటూ వచ్చాను. పక్కన కూలబడి ఆయన చొక్కా పై గుండీలు విప్పాను.

“దిగొచ్చేశావా,” అన్నారు, మాటకీ మాటకీ మధ్య గాలి కోసం ఆగుతూ. “ఎంత ఎత్తు... పోగొట్టావు.”

“మోకాలు పట్టేసిందండీ. ఇక నా వల్ల కాదు. వెనక్కి పోదాం.”

ఆయన నా మోకాళ్ల వైపు చూశారు. తర్వాత నా మొహం వైపు చూశారు, స్టూడియోలో దీపం వేసే ముందు చూసేవారే, అలా.

“ఏ మోకాలు?”

“కుడిది.”

“పేజీలో అలాగే రాయి,” అన్నారు. “నీ మోకాలనే రాయి.”

నీళ్లు పట్టాను, రెండు గుక్కలు తాగారు, మిగతావి గడ్డం మీద నుంచి కారాయి. వానకోటు విప్పి భుజాల మీద వేశాను, వెనక వైపుది ముందుకి వచ్చింది, సర్దలేదు. ఎప్పటినుంచి అని అడిగితే సొరంగం అన్నారు. అబద్ధం, సొరంగానికి ముందే నేను బొటనవేలంత అయ్యాను, ఇందాకే చూశాను. చెప్పొచ్చు కదా అన్నాను. చెబితే ఆగిపోతావు అన్నారు. ఆయన ఒళ్లో ఫోను వెలుగుతూ ఉంది, తీసి చూశాను, ఇందాకటి ఫొటో. పిట్టగోడ, వంపు, తడి తారు, పైన తెల్లటి ఆకాశం. నేను లేను. పెద్దది చేసి మూల మూలా వెతికాను, అమ్మాయిలాగా, ఆ పేరు పలకలేని వాళ్లందరిలాగా. చుక్క కూడా లేదు.

“నువ్వు అప్పటికే మలుపు తిరిగిపోయావు,” అన్నారు.

మా సిగ్నల్ కొండ మీదుంది, ఆసుపత్రి పొద్దున మేము నీళ్లు పట్టుకున్న ఊళ్లో ఉంది, ఆయన్ని వదిలి పైకి వెళ్లలేను, ఎత్తుకుని కిందికి పోలేను. ఏదో ఒక బండి రావాలి. పొద్దుటి నుంచి ఎన్ని పోయాయో, ఒక్కోటి పోయినప్పుడల్లా ఎంత విసుక్కున్నానో, ఇప్పుడు ఒక్కటీ లేదు. లేచి రోడ్డు మధ్యకి వెళ్లి నిలబడ్డాను, కింది నుంచి వచ్చే దారి వైపు కళ్లు కాయలు కాచేలా చూస్తూ. వెనక ఆయన ఊపిరి వినిపిస్తోంది, గరగరమని, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ. అది వినబడుతున్నంతసేపు నేను తల తిప్పక్కర్లేదు అనుకున్నాను. అలవాటు. వెంటనే తల తిప్పి చూశాను. గోడకి ఆనుకుని ఉన్నారు, నన్నే చూస్తున్నారు, చేతిలో ఫోను లేదు. మళ్లీ కిందికి చూశాను. గాలి హోరుకి నాకేమీ వినబడలేదు, కిందికి చూస్తున్నాను కనక కనబడనూ లేదు, బండి పైమలుపు నుంచి వచ్చింది. ఆయనే చూశారు ముందు.

“లారీ,” అన్నారు వెనక నుంచి. గొంతు హెచ్చించబోయారు, హెచ్చలేదు.

ఎప్పటిలాగే ఎడమ చెయ్యి ఎత్తాను. పక్కకి మాత్రం జరగలేదు.